మెలీ పెట్టిన అట్టముక్కలు

ఫిలిప్పీన్స్‌లో మా ఇలోయిలో ఊళ్లో, హారో రూటులో జీప్నీ, అంటే జనాన్ని ఎక్కించుకునే పొడవాటి జీపు, నడపడం మొదలుపెట్టి నాకు పదిహేడేళ్లయింది. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడల్లా నా ఎడమ కాలు ఊరికే ఉండదు. క్లచ్ పక్కన రేకు మీద టకటకమని కొడుతూనే ఉంటుంది. ముందు సీట్లో కూర్చున్న కాలేజీ పిల్లలు నాకేదో నరాల జబ్బనుకుని జాలిగా చూస్తారు. జబ్బు కాదర్రా, అదొక పాట, తెర మీద బాణం వచ్చినప్పుడల్లా కాలికింద అదే బాణాన్ని తొక్కాల్సిన డాన్స్ మెషీన్ మూడో భాగంలో వచ్చింది, తెర మీద తొమ్మిది పాదాల గుర్తులున్న కష్టమైన పాట అని చెబితే వాళ్లకేం అర్థమవుతుంది!

పోయిన నెల మండుర్యావో పేటలో ఎవరో పాత ఆటల హాలు తెరిచి, ఎక్కడి నుంచో అదే మెషీన్ ఒకటి తెచ్చి పెట్టారని విని వెళ్లాను. నలుగురు కుర్రాళ్లు వెనకున్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని గంతులేస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. మా రోజుల్లో కడ్డీ ముట్టుకున్నవాణ్ని "ఏరా, జీప్నీ వెనకాల వేలాడుతున్నావా?" అని నెల రోజులు ఏడిపించేవాళ్లం. వరసలో ముందు నిలబడటాలూ తోసుకోవటాలూ ఉండేవి కావు. తెర కింద గట్టు మీద నీ టోకెన్ పెట్టి పక్కకి పోవడమే. ఇరవై టోకెన్లు వరసగా ఉండేవి, అన్నీ ఒకేలా ఉండేవి, ఏది ఎవరిదో అందరికీ తెలిసేది. కొత్త భాగం వచ్చిందంటే, అందులో ఏ పాటలున్నాయో తెలుసుకోవడానికి అవతలి దీవిలోని బకోలోద్ నుంచి పడవెక్కి వచ్చేవాళ్లు.

ఆ మెషీన్ గురించి చెప్పేవాళ్లు ఇలోయిలోలో చాలామందే ఉన్నారు. దాన్ని బతికించిన మనిషి గురించి ఎవరూ చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

ఆవిడ పేరు హెర్మెలీనా పల్మారెస్. మాకు మెలీ మానాంగ్. మానాంగ్ అంటే మాకు అక్క. అప్పట్లో ఆవిడకి నలభై ఐదుంటాయి. పొట్టి మనిషి. జుట్టు ముడి వేసి, ఆ ముడిలో పూలకు బదులు స్క్రూడ్రైవర్ గుచ్చుకునేది. తండ్రి రేడియోలు బాగుచేసేవాడు, ఆవిడ పెళ్లికి ముందు కుట్టుమిషన్లు బాగుచేసింది. మొగుడు పోయాక మా ఆటల హాల్లో మెకానిక్కుగా చేరింది. "ఆడమనిషి మెషీన్లేం చూస్తుంది?" అని మొదట నవ్విన మేనేజర్ దెమెత్రియో, ఆరు నెలలు తిరిగేసరికి ఆవిడ సెలవు పెడితే గుండెలు బాదుకునే స్థితికి వచ్చాడు.

ఆవిడ ఒక్కనాడూ డాన్స్ చేయలేదు. రోజూ హాలు తెరిచే ముందు మెషీనెక్కి, పాట లేకుండా, మడమతో ఎడమ, కింద, పైన, కుడి అని నాలుగు బాణాల్నీ తొక్కి చూసేది. ఆ మొహం చూస్తే బట్టలు ఇస్త్రీ చేస్తున్నట్టుండేది. తర్వాత వంగి, పిడికిలితో బాణం బొమ్మున్న ఒక్కో పలకనీ తట్టి చెవి పెట్టి వినేది. ఎక్కడ బలహీనంగా ఉందో ఆ చప్పుడే చెప్పేదట.

పలక పాతబడేకొద్దీ అడుగు గట్టిగా వేస్తే గానీ అది పట్టుకోదు. కొత్త సామాను రాజధాని మనీలా నుంచి రావాలి, అది రాదు. అందుకని మెలీ ఒక ఉపాయం కనిపెట్టింది. పాత కేలండర్ల అట్టలు సన్నగా కత్తిరించి, మడిచి, ప్రతి పలక కిందా నాలుగు అంచులకీ పెట్టేది. ఇక ఆ పలక మీద వేలు ఆనించినా చాలు, బాణం వెలిగేది. మా మెషీన్ మీద ఆడటం దూది మీద ఆడినట్టుండేది. ఊరంతా ఆవిణ్ని మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. ఆ అట్టముక్కలే మా కొంప ముంచుతాయని ఎవరనుకున్నారు?

మాలో అందరికన్నా గొప్ప ఆటగత్తె జోవెలిన్ తూపాస్. మోలో పేటలో వాళ్లమ్మ చేపలమ్మేది, ఈ పిల్ల బేకరీలో రొట్టెలు సర్దేది. పంతొమ్మిదేళ్లు, బక్కపలచని మనిషి. రబ్బరు చెప్పులు పక్కన విడిచి, ఉత్త కాళ్లతో ఎక్కేది. అడుగు పడిన చప్పుడే వినపడేది కాదు. మేం తొక్కితే మెషీన్ ఊగేది, ఆమె ఆడితే తెర మీద అంకెలు మాత్రం పెరిగేవి. ఆమె ఆడుతుంటే పక్క ఆటల వాళ్లు కూడా వాళ్ల ఆట వదిలేసి వచ్చేవాళ్లు. అంత అందమైన ఆట నేను మళ్లీ చూడలేదు.

ఆ ఏడాది మనీలాలో దేశమంతటికీ పోటీ పెట్టారు. మా ఊరి నుంచి నలుగురం ఓడెక్కాం. జోవెలిన్ గెలిచి వస్తుందని హాలు ముందు గుడ్డ బ్యానర్ కూడా సిద్ధం చేసి ఉంచారు.

మొదటి పాటకే జోవెలిన్ ఓడిపోయింది. అడుగు పడుతోంది, తెర మీద మాత్రం "పోయింది, పోయింది" అని వస్తోంది. సగం పాటకే మెషీన్ తనే ఆట ఆపేసి, ఓడినవాళ్లని ఎప్పుడూ అనే ఎగతాళి మాట ఒకటి స్పీకర్లో అరిచింది. ఆ హాల్లో మూడొందల మంది నవ్వారు. ఆమె చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచిపోయి దిగింది. తిరుగు ఓడ దిగాక రేవులో నాతో అంది: "ఇన్నాళ్లూ నాకు ఆట వచ్చనుకున్నాను. రాదు. ఇక ఆడను."

మర్నాడు హాలుకెళ్లి జరిగిందంతా మెలీకి చెప్పాను. ఆవిడ పలక విప్పి పెట్టుకుని వింటోంది.

"అందరూ మొదటి పాటకే పోయారా?"

"ముగ్గురు పోయారు. నేను రెండో పాటదాకా వెళ్లాను మానాంగ్."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "నువ్వా? వడ్లు దంచినట్టు తొక్కుతావు, నువ్వు వెళ్లావా?"

"అదేంటి మానాంగ్, నన్ను మెచ్చుకుంటారేమో అనుకున్నా!"

ఆవిడ నవ్వలేదు. చేతిలో ఉన్న అట్టముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "మనీలా మెషీన్ కొత్తదేనా తోతో?" అనడిగింది. మా వైపు అబ్బాయిల్ని అలాగే పిలుస్తారు.

"కొత్తదే. పలకలు రాయిలా ఉన్నాయి."

"ఆ పిల్ల కాళ్లు పాడుచేసింది నేనే" అంది మెలీ. "నీలా దంచేవాడి అడుగు ఆ గట్టి పలకకి అందింది, నా మెత్తటి పలకకి అలవాటైన ఆ పిల్ల అడుగు అందలేదు." గుట్టుగా ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. పైగా ఆ మెత్తటి పలకల వల్లే హాలుకి పేరొచ్చింది. కానీ ఆ సాయంత్రమే ఆవిడ మోలో వెళ్లింది. దోవ చూపించడానికి నన్ను వెంట తీసుకెళ్లింది.

జోవెలిన్ వాకిట్లో చేపల బుట్టలు కడుగుతోంది. మేం వెళ్లి నిలబడినా తల ఎత్తలేదు.

"తప్పు నీ కాళ్లలో లేదు ఇందాయ్, నా అట్టముక్కల్లో ఉంది" అంది మెలీ. మా దగ్గర చిన్నమ్మాయిల్ని ఇందాయ్ అంటారు. మెలీ నోట ఆ పిలుపు ఎప్పుడూ ముద్దుగానే ఉంటుంది.

"ఓదార్చకు మానాంగ్. నాకు ఓదార్పు మాటలొద్దు."

"ఓదార్పు కాదు. రేపు పొద్దున ఎనిమిదింటికి రా. నీ కళ్లతోనే చూద్దువు గాని."

వస్తుందని నేననుకోలేదు. కానీ వచ్చింది. మెలీ ఆమె కళ్లముందే, ఇద్దరు పక్కపక్కన ఆడే ఆ మెషీన్‌లో ఎడమ వైపు పలకలు నాలుగూ విప్పి, పదహారు అట్టముక్కలూ బయటికి తీసి, మళ్లీ బిగించింది. "ఇప్పుడాడు" అంది. జోవెలిన్ ఎక్కింది. తనకి నిద్రలో కూడా వచ్చే పాటే. మళ్లీ "పోయింది, పోయింది." మనీలాలో ఏమయిందో అదే అయింది.

జోవెలిన్ దిగింది. కన్నీళ్లొస్తాయనుకున్నాను, కోపమొచ్చింది. ఇలోయిలో వాళ్లం తిట్టినా జోల పాడినట్టే ఉంటుందని మనీలా వాళ్లు నవ్వుతారు. ఆ మాట ఆ పొద్దున అబద్ధమైంది.

"మూడేళ్లు! మూడేళ్లు నన్ను మోసం చేశావ్! నేనేదో గాల్లో తేలిపోతున్నాననుకున్నాను. అంతమందిలో నవ్వులపాలు చేశావ్!"

"అవును" అంది మెలీ. "నీకు సుఖంగా ఉంటుందనుకుని చేశాను. తప్పే. నేను చేసిన తప్పు నేనే దిద్దుతాను. వచ్చే ఏడాది పోటీకి ఎనిమిది నెలలుంది. రోజూ ఎనిమిదింటికి రా. గట్టి పలక మీద ఆడు."

"నేను రాను."

"నువ్వు రాకపోయినా నేను విప్పి పెడతాను."

మొదట ఎడమ వైపు పలకల్ని గట్టిగానే ఉంచేసింది. రెండు రోజులకే గోల మొదలైంది. "మెషీన్ చచ్చింది", "మెలీకి వయసైపోయింది" అని జనం సణుగుడు. దెమెత్రియో ఆవిణ్ని పిలిచి, "నీకు జీతం ఇచ్చేది బాగుచెయ్యడానికమ్మా, చెడగొట్టడానికి కాదు. పదింటికి తలుపు తీసేసరికి మెత్తగా ఉండాలి. కుదరదంటే వేరే మనిషిని చూసుకుంటా" అన్నాడు.

ఆవిడ సరేనంది. ఆ మర్నాటి నుంచి ఏం చేసిందో వినండి. పొద్దున ఏడున్నరకి వచ్చి ముప్పై రెండు స్క్రూలు విప్పి, అట్టలు తీసి, బిగించేది. జోవెలిన్ కోసం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఎదురుచూసేది. తర్వాత మళ్లీ ముప్పై రెండూ విప్పి, అట్టలు పెట్టి, బిగించి పదింటికి తలుపు తీయించేది. మొదటి పన్నెండు రోజులు జోవెలిన్ రాలేదు. ఆ పన్నెండు రోజులూ ఆవిడ విప్పింది, బిగించింది. "రాని మనిషికి ఎందుకు మానాంగ్ ఈ అవస్థ?" అని నేను చిరాకుపడితే, "వచ్చిన రోజు మెత్తగా ఉంటే ఎలా?" అంది.

పదమూడో రోజు జోవెలిన్ వచ్చింది. పలకరించలేదు. చెప్పులు విడిచి ఎక్కింది.

తర్వాత ఏడు నెలలు ఇద్దరూ ఆ పనే. జోవెలిన్ పాదాలు నల్లగా కమిలిపోయాయి. నాలాగా దంచడం మొదలుపెట్టింది, అడుగు పడేది గానీ అందం పోయింది. మెలీ ఊరుకోలేదు. "అలా వద్దమ్మా. వీడొకడు చాలడా?" అని నా మీదే వేలు చూపించేది. ఆవిడకి డాన్స్ రాదు గానీ పలక లోపల ఏముందో తెలుసు. ఎక్కడ తొక్కితే తేలిగ్గా పడుతుందో సుద్దముక్కతో గీసి చూపించింది. నడిమధ్య కాదు, అంచుకి రెండు వేళ్ల ఇవతల. మడమ కాదు, వేళ్ల మొదలు. మెల్లగా ఆ పాత తేలిక మళ్లీ వచ్చింది, ఈసారి కింద బలం కూడా ఉంది. మెలీ మణికట్టు మాత్రం వాచిపోయింది. గుడ్డ చుట్టుకుని, ఘాటు నూనె వాసనేసుకుంటూ స్క్రూలు తిప్పేది. నేను చేస్తానంటే ఇచ్చేది కాదు. "నీ చేతికిస్తే గాడి పోతుంది" అనేది. నిజమే, పోయేది.

ఆ ఏడు నెలల్లో జోవెలిన్ ఆవిణ్ని క్షమించానని ఒక్కసారి కూడా అనలేదు. మెలీ అడగలేదు. పోటీకి వెళ్లేముందు రోజు కూడా "వస్తాను మానాంగ్" అన్న ఒక్క మాటే అంది. ఓడ కదిలాక మెలీ రేవు గోడ మీద కూర్చుని నాతో అంది: "మళ్లీ అలాగే అయితే ఆ పిల్ల జన్మలో తన కాళ్లని నమ్మదు తోతో. నేనెలా బతకను?"

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండా జనం. కౌంటర్ దగ్గర ఫోన్ మోగింది. దెమెత్రియో ఎత్తి, "మెలీ, నీకే. మనీలా నుంచి" అన్నాడు. మెలీ చేతులు పావడాకి తుడుచుకుని ఫోను అందుకుంది. నేను చెవి ఆనించాను.

"ఇందాయ్, ఎడమ బాణం పడిందా?" అంది మెలీ. గెలిచావా అని కాదు.

"అన్నీ పడ్డాయి మానాంగ్. చివరి పాటలో ఒక్కటంటే ఒక్కటి పోలేదు."

"ఎన్నో స్థానం?" అని నేను అరిచాను.

"నాలుగు."

బహుమతులు ముగ్గురికే. అయ్యో అన్నాను. మెలీ మోచేత్తో నా డొక్కలో పొడిచింది. తర్వాత జోవెలిన్ గొంతు, చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"మానాంగ్, అయితే కిందటేడు కూడా నేను బాగానే ఆడానా?"

"బాగానే ఆడావు తల్లీ. ఒక్క అడుగు కూడా తప్పు వెయ్యలేదు. పలకకి తెలియలేదంతే."

"అయితే ఇంక బాధపడకు మానాంగ్. ఇద్దరం బాధపడింది చాలు. రేవుకి రా, నన్ను తీసుకెళ్దువు గాని."

మెలీ "వస్తా, వస్తా" అంటూనే ఉంది, అవతల ఫోన్ పెట్టేశాక కూడా అంటూనే ఉంది. తర్వాత కౌంటర్ పక్కన స్టూలు మీద కూలబడి, అంతమంది జనం ఆటలాపి చూస్తుండగా, వాచిన చేత్తో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది.