మిల్లీగ్రాముల బాబాయి

ఎవరు ఏ కొలత చెప్పినా దాన్ని ఇంకో కొలతలోకి మార్చందే మా బాబాయికి తోచదు. మీరు కిలోమీటరు అంటే ఆయన వెయ్యి మీటర్లంటాడు. పోనీ మీరే మీటర్లలో చెప్పారనుకోండి, కిలోమీటర్లు చేసి మీ చేతికే తిరిగిస్తాడు. ఆయనకి కళ్లద్దాల షాపుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాల రెండు కళ్ల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి కొలిచి, చివరికి లోకాన్నే ఆ స్కేలు కింద పెట్టేశాడు. వీధిలో అందరూ ఆయన్ని మిల్లీ బాబాయి అనేవారు. ఎదుట కూడా అనేవారు. ఆయన మురిసిపోయేవాడు.

ఆయన పక్కన కూర్చోవాలంటే గుండె గట్టిగా ఉండాలి. ఏ నిమిషాన ఏ అంకె వినాల్సి వస్తుందో తెలియదు. మా అక్కకి కాబోయే అత్తగారు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు అక్కని ఎగాదిగా చూసి, "అమ్మాయి కాస్త పొట్టేమో" అని నసిగింది. అక్క తల దించుకుంది. మేమంతా మొహమొహాలు చూసుకుంటుంటే బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పొట్టా! మా పిల్ల పదిహేను లక్షల మైక్రాన్లండీ!"

అన్ని లక్షల మైక్రాన్లూ కలిపితే మీటరున్నరేనని ఆవిడకేం తెలుసు! పదిహేను లక్షలు అనేసరికి పొట్టి మాట వదిలేసి కాఫీ తాగడంలో పడింది. పెళ్లికొడుకు మాత్రం పగలబడి నవ్వాడు. సంబంధం ఆ నవ్వుతోనే ఖాయమైందని అక్క ఇప్పటికీ అంటుంది.

ఇక కిటికీ తెర సంగతి. బాబాయి కిటికీ కొలిచి, 'ఎత్తు 1200, వెడల్పు 900' అని చీటీ రాసి టైలరుకిచ్చాడు. మిల్లీమీటర్లని వేరే చెప్పాలా, అదెవరికి తెలియదని ఆయన ధీమా. టైలరుకి తెలిసింది సెంటీమీటర్లు. కొన్నాళ్లకి ఇద్దరు మనుషులు చుట్టచుట్టిన గుడ్డని మోసుకుంటూ ఆయాసపడుతూ వచ్చారు. వెనకే టైలరు.

"మీది సినిమా హాలా సార్? ముందే చెబితే ఇంకో ఇద్దర్ని పెట్టుకునేవాణ్ణి కదా!"

పిన్ని గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పన్నెండు మీటర్ల తెర హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి పెరట్లోకి పాకింది.

"అంకె సరిగ్గానే ఉంది కదే. ఒక్క సున్నాయేగా తేడా" అన్నాడు బాబాయి.

"ఆ ఒక్క సున్నా ఎక్కడ పరచమంటారు?" అంది పిన్ని.

అదే పిన్ని ఓసారి బరువు చూసుకుని, రెండు కిలోలు పెరిగానని కళ్లనీళ్లు పెట్టుకుంది. బాబాయి పరుగున వచ్చి, "రెండు కిలోలంటే ఎంతే పిచ్చిదానా! సున్నా పాయింటు సున్నా సున్నా రెండు టన్నులు. అంతే!" అన్నాడు.

"టన్నులా? నన్ను టన్నుల్లో తూస్తారా!" అని పిన్ని విసిరిన దిండు ఆయన కళ్లద్దాలకి తగిలింది. ఇంత మాట అంటాడని నేనూ అనుకోలేదు. ఈయనకి ఒక మర లూజేనని ఆ రోజుతో నిర్ధారణకి వచ్చేశాను.

తరవాత అక్కకి నెలలు నిండకుండానే పాప పుట్టింది. బరువు పద్నాలుగు వందల గ్రాములు. అద్దాల పెట్టెలో అరచేయంత పాప. రెండు కిలోలు అయితేనే ఇంటికి పంపుతామన్నారు డాక్టరుగారు. అక్కకి అన్నం సహించేది కాదు. పొద్దున్నే నర్సమ్మ వచ్చి చెప్పే అంకె కోసమే బతికేది. బాబాయి షాపు ఆలస్యంగా తెరుస్తానని బోర్డు పెట్టి రోజూ ఆ వేళకి హాజరయ్యేవాడు.

"ఇరవై గ్రాములు పెరిగింది" అంది ఒకరోజు నర్సమ్మ.

"ఇరవయ్యేనా?" అంది అక్క.

"ఇరవయ్యేమిటే! ఇరవై వేల మిల్లీగ్రాములు! ఒక్క రోజులో ఇరవై వేలు!" బాబాయి వరండా అదిరేలా అరిచాడు. నర్సమ్మ ఉలిక్కిపడింది. అక్క పెదవి కొసన చిన్న నవ్వు కనబడింది.

మర్నాడు పాప ముప్పై గ్రాములు తగ్గింది. బాబాయి మాత్రం పెదవి విరిచి, "సున్నా పాయింటు సున్నా మూడు కిలో. అదీ ఒక తగ్గడమేనా?" అనేశాడు. అక్క ఆ రోజు అన్నం తింది.

నేను ఆయన్ని మెట్ల దగ్గరికి లాక్కెళ్లాను.

"బాబాయ్, పెరిగితే మిల్లీగ్రాములు, తగ్గితే కిలోలా?"

"లెక్క తప్పిందా?"

"తప్పలేదు."

"అబద్ధం చెప్పానా?"

"లేదు."

"మరింకేంట్రా? దాని మొహం చూశావా ఇందాక?" అని చెయ్యి విదిలించుకుని షాపుకి వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లుగా ఈ మనిషి తోచింది వాగుతున్నాడనుకున్నాను. ఎవరికి ఏ కొలతలో చెబితే ప్రాణం కుదుటపడుతుందో చూసి మరీ చెబుతున్నాడని నాకేం తెలుసు? ఆయన మీద పట్టలేనంత ప్రేమ వచ్చింది, చెప్పొద్దూ.

పాప మెల్లిగా పుంజుకుంది. ఇక ఇంటికే అనుకున్న రోజు బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాపకి ఉన్ని దుప్పటి పట్టుకుని వచ్చాడు. నర్సమ్మ పాపని తూచింది. పందొమ్మిది వందల తొంభై గ్రాములు.

"పది గ్రాములు తక్కువైంది. రేపు చూద్దామండీ" అంది.

బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. "పదివేల మిల్లీగ్రాములు తక్కువా!" అంటూ బల్ల మీద కూలబడ్డాడు.

తక్కువని ఆయన మిల్లీగ్రాముల్లో చెప్పడం మేమెవరమూ ఎన్నడూ వినలేదు. ఇన్నాళ్లూ మా అందరికంటే ఎక్కువ భయపడింది ఈయనేనని అప్పుడు తెలిసింది.

అక్క మంచం దిగి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "బాబాయ్, సున్నా పాయింటు సున్నా ఒకటి కిలో. అదీ ఒక తక్కువేనా?"

ఆయన తడి కళ్లతో అక్కని చూశాడు. పెదవులు కదుపుతూ వేళ్ల మీద సున్నాలు లెక్కపెట్టుకున్నాడు.

"కరెక్టే" అన్నాడు ముక్కు చీదుతూ.

మర్నాడు తూస్తే రెండు కిలోల పది గ్రాములు. ఉన్ని దుప్పటిలో పాపని అక్క ఎత్తుకుంటే, బాబాయి వరండాలో అందరికంటే ముందు నడుస్తూ, ఎదురొచ్చిన డాక్టరుగారితో సహా జనాన్నందరినీ రెండు చేతులతో పక్కకి తోశాడు.

"జరగండి, జరగండి! ఇరవై లక్షల పదివేల మిల్లీగ్రాముల మనిషి వస్తోంది!"