సగం నింపిన పెట్టె

మొయినుద్దీన్ చెయ్యి తగిలితే చచ్చిన ల్యాప్‌టాప్ బ్యాటరీ లేచి సలాం కొడుతుందని శంషాబాద్‌లో నేను చాలామందికి చెప్పాను. అందులో అబద్ధం సలాం వరకే. ఎయిర్‌పోర్టు ఉద్యోగులు కూడా బస్టాండు వెనకున్న అతని డబ్బా కొట్టు వెతుక్కుంటూ వచ్చేవారు. అందరికీ ఒకటే మందలింపు.

"ఎండల కార్ల పెట్టకుండ్రి. వాడకుండ పక్కకు పెడ్తే సగం నింపి పెట్టుండ్రి. నిండ నింపినా, ఖాళీగ ఉంచినా జల్ది చస్తది."

ప్రతి శుక్రవారం జుమా నమాజు అయ్యాక కొట్లో ఉన్న బ్యాటరీలన్నిటినీ మీటరుతో చూసి సగానికి తెచ్చేవాడు.

అతని భార్య మాజిదాకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంట్లో ఆక్సిజన్ మిషను ఆగితే అరగంట కూడా తట్టుకోలేదు. కరెంటు పోయినప్పుడు దాన్ని నడపడానికి మొయినుద్దీన్ పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోని మంచి సెల్లులు ఏరి, సూట్‌కేసంత పెట్టె తయారుచేశాడు. నిండా నింపితే నాలుగు గంటలు నడుస్తుంది. దాన్నీ సగమే నింపేవాడు.

"హమ్జా అబ్బా, నాకు ఊపిరి గూడ సగమేనా?" అంది మాజిదా ఒకసారి, కొడుకు పేరుతో భర్తను పిలుస్తూ.

"నిండ నింపి ఊకె పెడ్తే ఏడాదికే ఖరాబైతది. గప్పుడేం జేస్తవ్?"

"గప్పటిదాంక నేనుంటనా?"

పక్కింటివాణ్ణి, అక్కడే కూర్చున్న నేను నవ్వాను. వాళ్ళూ నవ్వారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం గాలివానకు గగన్‌పహాడ్ దగ్గర కరెంటు స్తంభాలు కూలాయి. ఎప్పుడూ గంటలో వచ్చే కరెంటు రెండు గంటలైనా రాలేదు. ఛార్జి అయిపోతోందని పెట్టె కూతపెట్టింది. పిలిచిన అంబులెన్సు హైవే మీద పడ్డ చెట్ల వెనక ఇరుక్కుంది. మొయినుద్దీన్ కొట్టుకు పరిగెత్తి, బ్యాటరీలన్నీ సంచిలో వేసుకొచ్చాడు. టంకం పెడదామంటే కరెంటు లేదు. తీగలు చేత్తో మెలిపెట్టాడు, నేను కొనలు పట్టుకున్నాను. మిషను రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయింది.

"జర ఓపిక పట్టు, మాజిదా. జర..."

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. కాసేపటికి ఆ పట్టు వదులైంది. అతను మిషను ప్లగ్గును పెట్టె నుంచి తీసి మళ్ళీ గోడకు పెట్టాడు.

కరెంటు పోయిన మూడు గంటల పది నిమిషాలకు తిరిగి వచ్చింది. మిషను మొదలైంది. గొట్టం ఇంకా ఆమె ముక్కుకే ఉంది. నేను స్విచ్చు వైపు చెయ్యి చాపాను.

"నడవనియ్యి అన్నా," అన్నాడు మొయినుద్దీన్.