చరఖాతో బొమ్మలు చూసిన ఆదివారం

నేను మూడో తరగతితోనే బడి మానేసిన. తొంభైల మొదట్ల నల్గొండ జిల్లాల మా ఊరికంతా టీవీ ఒక్క ఎరువుల దుకాణం వాళ్ల ఇంట్లనే ఉండె. ఆదివారం పొద్దున అండ్ల జపానోళ్ల బొమ్మల కథ హిందీల వచ్చేది. హిందీ ఒక్క ముక్క తెల్వకున్నా, ఆ పెద్ద పెద్ద కండ్ల బొమ్మలు ఏడిస్తే నాకూ ఏడుపొచ్చేది.

మాది మగ్గం ఇల్లు. బాపు నేసే చీరెలకు నూలు కండెలు నేనే చుట్టాలె. పని ఆపితే ఊకోరు. అందుకే చరఖా చంకల పెట్టుకొని పోయి, వాళ్ల గడప పక్కన కూసొని చుట్టుకుంటనే చూసేదాన్ని.

నేను పెద్దమనిషినైన నెలకే ఆ ఇంటి పెద్దమ్మ అందరి ముంగట అందుకుంది: "వోణీ వేసినంక గూడ పోరగాళ్ల నడుమ బొమ్మలు చూసేటందుకు సిగ్గు లేదా? లే!"

పిల్లలంత నవ్విన్రు. ముఖం మండిపోయింది గని నేను లేవలె.

"కండ్లు బొమ్మల మీదున్నయి, చేతులు పని మీదున్నయి. నీకేం నష్టం పెద్దమ్మా?" అన్న.

ఆమె బాపును పిలిపించింది. ఇగ నా ఆదివారాలు అయిపోయినయనుకున్న. బాపు వచ్చి, నా పక్కనున్న బుట్టలకెల్లి ఒక కండె తీసి బొటనవేలితో నొక్కి చూసిండు.

"గట్టిగనే చుట్టింది. పిల్ల కూసుంటే నీ గడప అరుగుతదా వదినా?" అని, నా దిక్కు తిరిగి, "ఇంట్ల ఇంకో చిలప నూలున్నది, తెస్త. అది చుట్టుడు అయిపోయేదాక చూడు" అన్నడు. పెద్దమ్మ గొణుక్కుంట లోపలికి పోయింది.

ఇప్పుడు మనుమరాలి ఫోన్‌ల గవే బొమ్మలు చూస్తుంటే, "గీ వయసుల కార్టూన్లేంది అత్తమ్మా?" అని అల్లుడు నవ్వుతడు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటనే చూస్త. నా చేతులు ఖాళీగున్న నాడు వచ్చి అడుగుమన్న.