ఖాదర్ బాషా ఓడ ప్రయాణం

1946. యుద్ధం ముగిసి ఏడాది కావస్తోంది. మదనపల్లె బయట ఒక క్షయ ఆసుపత్రిలో, మగవాళ్ల వార్డులో నేను స్టాఫ్ నర్సుగా ఉన్నాను. క్షయకు సరైన మందు అప్పటికింకా మా చేతికి రాలేదు. కొండగాలి, పాలు, గుడ్లు, పడక, ఇవే మా మందులు. అందుకే మా వార్డుకు గోడలు తక్కువ, వరండాలు ఎక్కువ. మంచాలన్నీ కొండల వైపు తిప్పి వరసగా వేసేవాళ్లం. మంచు పట్టిన పొద్దుల్లో ఎదురుగా కొండలుండవు, చెట్లుండవు, తెల్లగా మబ్బు మాత్రమే కదులుతూ ఉంటుంది. కొత్త రోగులు కళ్లు తెరిచి, తామెక్కడున్నామో తెలియక కాసేపు అలాగే చూస్తుండిపోయేవారు.

మధ్యాహ్నం భోజనమయ్యాక రెస్ట్ అవర్. మాట్లాడకూడదు, చదవకూడదు, చెయ్యి కూడా పైకెత్తకూడదు. ఊపిరితిత్తి ఎంత తక్కువ పని చేస్తే పుండు అంత త్వరగా మానుతుందని లెక్క. ఆ నిశ్శబ్దానికి కాపలా కాయడం నా పని. నా నోరు పెద్దదని వార్డంతా చెప్పుకునేవారు. అబద్ధమని నేననను.

ఖాదర్ బాషా కుప్పం రైలు స్టేషన్లో కాఫీ అమ్మేవాడు. యుద్ధం రోజుల్లో సిపాయిల రైళ్లు బెంగుళూరు వైపు పోతూ అక్కడ కాసేపు ఆగేవి. కిటికీలోంచి కాఫీ అందుకున్న తెల్ల సిపాయిలు కొందరు, జేబులో మన డబ్బు లేకపోతే తమ దేశపు నాణెం ఇతని చేతిలో పెట్టేవారట. ఖైదీలుగా పోతున్న ఇటలీవాళ్లు కూడా ఇచ్చారట. ఆ నాణేలు ఏ అంగట్లోనూ చెల్లవు. తోటి కాఫీవాళ్లు తిట్టుకుని పారేస్తే, ఇతను వాటిని కూడా ఏరుకుని ఒక గుడ్డసంచిలో దాచుకున్నాడు. ఏది ఏ దేశానిదో, దాని మీద ఉన్న బొమ్మ ఏమిటో సిపాయిలనే అడిగి తెలుసుకున్నాడు. ఆ సంచితోనే మా దగ్గరికి వచ్చాడు.

వచ్చిన కొత్తలో సాయంత్రం పూట అతని టెంపరేచర్ చార్టు గీత పైకి పోవడమే కానీ దిగడం లేదు. ఎందుకా అని ఒకరోజు రెస్ట్ అవర్లో చప్పుడు చేయకుండా వెళ్లి చూస్తే, మంచం మీద కూర్చుని దుప్పటి నిండా నాణేలు పరిచాడు.

"ఏమప్పా, ఈడ అంగడి పెట్టినావా?" అన్నాను.

"అంగడి కాదు సిస్టరమ్మా. దేశాలు సూస్తాండా."

సంచి లాక్కుపోయి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ మరుసటి రోజు నుంచి అతను పాలు ముట్టలేదు. జ్వరమూ తగ్గలేదు. చూసి చూసి నాకే విసుగొచ్చి ఒక నాణెం తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాను. "దినానికి ఒక దేశమే. కండ్లు మూసుకోవాల. బొటనవేలితోనే సూడాల. చెయ్యి లేస్తే ఆ దేశం నా బీరువాలోకి పోతాది."

అతను నవ్వి కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు నాణెం మీద నెమ్మదిగా తిరిగింది. "తోక పొడుగ్గా ఉండాది... ఎగురుతాండాది... ఆస్ట్రేలియా," అని గొణిగి నిద్రలోకి జారిపోయాడు. ఇంకో రోజు న్యూజిలాండు పిట్ట, ఎగరలేనిది. ఇంకో రోజు అమెరికా దున్న. నాణేలు జబ్బు నయం చేశాయని నేను చెప్పను. అంతవరకు విశ్రాంతి అంటే తెలియని మనిషి మొదటిసారి కదలకుండా పడుకున్నాడు, గీత దిగడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నాల్లో వరండా స్తంభాల మధ్య నుంచి మబ్బులు పోతుంటే, మంచాలన్నీ కలిసి ఎక్కడికో సాగిపోతున్నాయని నాకూ అనిపించేది. పుంగనూరు దాటి ఎరగని దాన్ని, అతని పుణ్యమా అని నేనూ చాలా దూరం తిరిగాను.

అతని భార్య మస్తాన్‌బీ పుంగనూరులో పుట్టింట్లో ఉండేది. నెలకొకసారి బస్సులో వచ్చి, వరండా చివర, చూడవచ్చినవాళ్లు దాటకూడదని మేము గీసిన గీత అవతల నిలబడి మాట్లాడేది. పిల్లలను మేము లోపలికి రానివ్వం. వాళ్లకొక కూతురు, నూరీ, ఏడేళ్లది. ఒకరోజు మస్తాన్‌బీ నన్ను పక్కకు పిలిచింది.

"సిస్టరమ్మా, మా అమ్మ బిడ్డకు నిజం సెప్పనీలేదు. ఈ జబ్బుండాదని ఊర్లో తెలిస్తే రేపు నూరీని ఎవరు సేసుకుంటారని భయం. మీ అబ్బా సిపాయిలతో ఓడెక్కి పోయినాడని సెప్పింది. అది రోజూ అడగతాండాది, యాడికి పోయినాడు, యా దేశంలో ఉండాడు అని. నేనేం సెప్పేది?"

నాకు కోపం వచ్చింది. వెళ్లి చెబితే ఖాదర్ బాషాకు రాలేదు. "ఆస్ట్రేలియాలో ఉండానని సెప్పు," అన్నాడు. దిండు కింద నుంచి ఆ రోజు నాణెం తీసి నాకిచ్చాడు.

రోగి వస్తువు బయటికి పోకూడదు. పోతే శుద్ధి చేసి పోవాలి. నేను దాన్ని స్టెరిలైజర్లో, అంటే మేము సూదులూ కత్తెరలూ మరగబెట్టే డబ్బాలో, బాగా మరిగించాను. చిన్నపిల్ల చేతికి పోయేది కదా అని తృప్తి కలగక లైజాల్ నీళ్లలో కూడా నానబెట్టాను. నేల కడగడానికి, చేతులు కడగడానికి మేము వాడే ఘాటైన మందు అది. ఆరబెట్టి, మా బీరువాలోని పట్టీగుడ్డలో చుట్టి ఇచ్చాను. ఆ తర్వాత నెలనెలా ఒక దేశం అలాగే పుంగనూరు పోయింది. మస్తాన్‌బీ వచ్చినప్పుడల్లా నూరీ ప్రశ్నలు తెచ్చేది. ఆ దున్నకు అంత గూనెందుకు? ఆ పిట్ట ఎగరకపోతే ఎట్లా బతుకుతాది? ఖాదర్ బాషా జవాబులు చెప్పి పంపేవాడు. రెస్ట్ అవర్లో మాట్లాడినా చూసీ చూడనట్టు పోయేదాన్ని.

స్వాతంత్ర్యం వచ్చిన నాడు వరండా ముందు జెండా ఎగరేశాము. ఆ నెల నూరీ ప్రశ్న, "అందరి బిళ్లల మీదా వాళ్ల జంతువు ఉండాది, మన బిళ్ల మీద యాల ఎవరో రాజు ఉండాడు?" ఖాదర్ బాషా సంబరపడిపోయాడు. "ఇంక మనది మనమే పెట్టుకుంటామని సెప్పు. పుంగనూరు ఆవును పెట్టమని రాయిద్దాం," అన్నాడు.

ఆ చలికాలంలోనే జబ్బు మళ్లీ తిరగబెట్టింది. థొరాకోప్లాస్టీ చేయాలన్నారు డాక్టరుగారు. పక్కటెముకలు కొన్ని తీసేసి, చెడిన ఊపిరితిత్తిని కుంగదీసి విశ్రాంతి ఇచ్చే ఆపరేషన్ అది. చేయకపోతే మిగిలేది కొద్ది నెలలే. చేస్తే బల్ల మీద పోయినవాళ్లూ ఉన్నారు. ఖాదర్ బాషా ససేమిరా అన్నాడు.

"కత్తి కింద నేను పోతే బిడ్డకేం సెప్తారు సిస్టరమ్మా? ఓడ మునిగిందనా? అది ఇంక సముద్రం దిక్కే సూస్తా కూసుంటాది. ఇట్నే ఉంటే నెలకొక బిళ్లన్నా పోతాది."

నేను అరిచాను, బతిమాలాను, అలిగాను. ఏదీ పని చేయలేదు. సంచి అడుగున చెట్టు బొమ్మ ఉన్న ఒక్క వెండి నాణెం మిగిలింది. లెబనాన్ అనే దేశానిదట. ఆ నెల మస్తాన్‌బీ వచ్చి, గీత అవతలి నుంచే కూతురి కబురు చెప్పింది.

"నూరీ సెప్పమనింది. దేశాలన్నీ అయిపోతే ఇంక ఇంటికే కదా రావాల. ఎంత నొప్పైనా ఓర్సుకోని రమ్మను, నేను ఉండానని సెప్పు అనింది."

ఓడలో వచ్చేవాడికి నొప్పేమిటని మాకెవరికీ తట్టలేదు. ఖాదర్ బాషా గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. సాయంత్రం డాక్టరుగారిని పిలవమన్నాడు.

ఆ ఆపరేషన్‌కు మత్తు ఆ భాగం వరకే ఇచ్చేవారు. మనిషికి మెలకువ ఉంటుంది, చప్పుళ్లన్నీ వినిపిస్తాయి. చెట్టు నాణెం మరిగించి అతని కుడిచేతిలో నేనే పెట్టాను. పని జరుగుతున్నంతసేపూ ఆ బొటనవేలు నాణెం మీద తిరుగుతూనే ఉంది. మధ్యలో ఒకసారి నీరసంగా, "సెట్టు కింద ఉండా సిస్టరమ్మా, సల్లగా ఉండాది," అన్నాడు. నా ముఖానికి మాస్కు ఉండబట్టి సరిపోయింది.

అతను బతికాడు. ఎడమ భుజం కొంచెం వంగిపోయింది, అంతే. 1948 చివర్లో ఇంటికి పంపించాము. నిజం బయటపడకూడదని అతని అత్తగారు ఒక ఏర్పాటు చేసింది. అతను మదనపల్లె నుంచి నేరుగా ఇంటికి రాకూడదు. పుంగనూరులో దిగకుండా అదే బస్సులో కుప్పం పోయి, అక్కడ రెండు రోజులుండి, కొత్త ట్రంకు పెట్టె కొనుక్కుని, రైలు దిగినవాడిలా రావాలి. నాకూ పుంగనూరులో అక్క ఇంటికి పోయే పని ఉండి అదే బస్సెక్కాను. పుంగనూరు వచ్చేసరికి ఖాదర్ బాషా తలకు తువ్వాలు కప్పుకుని సీట్లో కిందికి జారి కూర్చున్నాడు.

బస్సు ఆగింది. నేను దిగుతుంటే ఒక ఆడపిల్ల కిటికీలన్నీ చూసుకుంటూ వచ్చి, అతని కిటికీ దగ్గర ఆగింది. పాప కళ్లు, గడ్డం అచ్చు అతనివే.

"అబ్బా, దిగు. ఇల్లు వచ్చింది," అంది.

అతను తువ్వాలు ఇంకా కిందికి లాక్కున్నాడు. నేనే తేరుకుని అడిగాను. "మీ నాయన ఓడలో కదమ్మా రావాల. మదనపల్లె బస్సుకు యాల వచ్చినావు?"

ఆ పిల్ల ఓణీ చెంగు ముడి విప్పి నాణేలు నా ముక్కు దగ్గర పెట్టింది.

"అన్ని దేశాలూ ఒకటే వాసన వస్తాండాయి. నా కాలికి గాజు గుచ్చుకున్నప్పుడు ఆస్పత్రిలో కట్టు కట్టినారు. ఆ వాసనే. పెద్ద ఆస్పత్రి మదనపల్లెలో కదా ఉండాది. అబ్బా వస్తాండాడని ఇంట్లో సెప్పినప్పటి నుంచి దినామూ ఈ బస్సే సూస్తాండా."

"ఎప్పుడు తెలిసింది?"

"కంగారూ వచ్చినప్పుడే. ఆపరేషన్ అని అమ్మ, అవ్వ గుసగుసలాడింది కూడా ఇన్నా."

"మరి యాల సెప్పలేదు?"

"సెప్తే మా అవ్వ, అమ్మను ఆడికి పోనీదు. అబ్బా బిళ్లలు పంపేదీ ఉండదు." అని నా చీర కొంగు పట్టుకుని వాసన చూసింది. "సిస్టరమ్మ నువ్వేనా?" అంది.

బస్సులోంచి ఖాదర్ బాషా దిగి వచ్చాడు. బజారు మధ్యలో, అందరూ చూస్తుండగా, తువ్వాలు తీసేసి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేను మా అక్క ఇంటికి దారి తప్పి చాలాసేపు తిరిగాను.

ఆ తర్వాత నా ఉద్యోగమంతా, పిల్లలకు అబద్ధం చెప్పమని ఏ ఇంటివాళ్లు అడిగినా ఒప్పుకోలేదు. గీత దగ్గరికి పిల్లలను పిలిపించి, మీ నాయన అదిగో ఆ మంచం మీద ఉన్నాడు, చెయ్యి ఊపు అని చెప్పేదాన్ని. పెద్దవాళ్లు దాచామనుకున్నది పిల్లలు ఒంటరిగా మోస్తారని నాకు నేర్పింది నూరీ. తండ్రికి ధైర్యం చెప్పి కత్తి కిందికి పంపింది ఆ పిల్ల, తనకేమీ తెలియనట్టు ఉంటూనే.

మన సొంత నాణేలు వచ్చిన ఏడాది నూరీ మస్తాన్‌బీ చేత నాకొక చిన్న పొట్లం పంపింది. పట్టీగుడ్డలో కొత్త అణా, దాని మీద ఎద్దు. పుంగనూరుది కాదు, అయినా ఎద్దే. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘుమ్మని లైజాల్ వాసన.