శాతం గుర్తు వెనక దాచిన లైను

పద్నాలుగేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నేనే రాసి, నేనే కనపడకుండా చేసిన వాక్యం. గుంటూరులో మా కాలేజీ మొత్తానికి నేను నోరున్న మనిషిని. ప్రిన్సిపాల్‌తోనైనా, ఆటోవాడితోనైనా వాదనలో తగ్గిందాన్ని కాదు. ఈ ఒక్క మాట మాత్రం ఇది చదువుతున్న మీతో తప్ప ఎవరితోనూ అనలేదు.

మిరపలో తామర పురుగు మీద నా పీహెచ్‌డీ. రెండో ఏడు తుఫానుకి నా మడులు మునిగిపోయాయి. నా గైడు దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్న కమల, వినుకొండ దగ్గర వాళ్ల నాన్న చేలో భూతద్దం పట్టుకుని, రెండు పంటలపాటు ఆకు ఆకూ తిప్పి పురుగులు లెక్కపెట్టింది. ఆ పట్టికల్ని నోటుబుక్కుతో సహా నా చేతిలో పెట్టింది. తన పేరు వేస్తే చాలంది. లేటెక్ సాఫ్ట్‌వేర్‌లో థీసిస్ పేర్చడం నేర్పిందీ తనే.

"శాతం గుర్తు చూశావా? లైను ముందు ఇది పెడితే ఫైల్లో ఉంటుంది గానీ అచ్చులో రాదు."

"భలే ఉందే!"

"నీ నోటికి కూడా ఇలాంటిదొకటి ఉంటే బాగుండేదే తల్లీ. హాస్టలంతా ప్రశాంతంగా పడుకునేది."

ఇద్దరం పడీపడీ నవ్వాం.

'మూడో అధ్యాయంలోని పట్టికలు కమల సేకరించినవి' అని రాశాను. రాస్తుంటే తను చూసింది. ప్రింటుకిచ్చే రోజు పొద్దున, ఇంకొకరి లెక్కలెందుకని వైవాలో నిలదీస్తారేమోనని, ఆ లైను ముందు శాతం గుర్తు పెట్టాను. లైబ్రరీకిచ్చే కాపీలో ఆ గుర్తు తీసేద్దామనుకున్నాను. మరిచిపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా మరిచిపోయానా? వైవాకి వచ్చినాయన ఆ పట్టికలనే మెచ్చుకున్నాడు. మెప్పు తియ్యగా ఉంది. అంతే.

మరుసటి ఏడు కమల థీసిస్ తిరిగొచ్చింది. తన థీసిస్‌లోనూ వాడుకున్న ఆ పట్టికలు నా థీసిస్‌లోంచి ఎత్తినవని పరీక్షకులు రాశారు. గైడు మా ఇద్దర్నీ నిలబెట్టి, ఎవరివని అడిగాడు. నేను నోరు తెరుస్తానని, ఎప్పటిలాగే బల్ల గుద్ది గొడవ పెట్టుకుంటానని కాబోలు, కమల నా వైపే చూస్తోంది.

"నా థీసిస్‌లో ఉన్నవి నావే సార్," అన్నాను.

ఫైలు తెరిచి చూపించమని కమల అడగలేదు. ఎందుకడగలేదు? అడిగి ఉంటే నేను తెరిచేదాన్నా? ఆ వారమే హాస్టల్ ఖాళీ చేసింది. ఇప్పుడు వినుకొండలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతోందట. నేను ఇక్కడ పిల్లల థీసిస్‌లు దిద్దుతున్నాను.

నిన్న ఆ పాత ఫైలు తెరిచాను. లైను అక్కడే ఉంది. గుర్తు తీసేసి ఆ పేజీ ప్రింటు తీశాను. దానితో ఏం చక్కబడింది? లైబ్రరీలోని పుస్తకం మారదు. పోయిన డిగ్రీ కమలకి రాదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అయినా రాస్తున్నాను, ముందు ఏ గుర్తూ పెట్టకుండా. ఆ పట్టికలు కమలవి. నావి కావు.