నేను కొట్టేసిన రెండో థామస్

కత్తి పట్టి వంశాలను తుడిచిపెట్టినవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. నేను ఆ పని డిలీట్ బటన్‌తో చేశాను. అదీ ఎడమచేత్తో, ఎందుకంటే కుడిచేయి పెరుగన్నంలో ఉంది. ఇంగ్లండులో ఒక ఇంటి వంశవృక్షాన్ని మొదలంటా నరికి, దాన్ని రంగుల్లో అచ్చు వేయించి, పటం కట్టించి, ఆ ఇంటివాళ్లకే బహుమతిగా ఇచ్చాను. చప్పట్ల కోసం ఆగాను కూడా. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చివరిదాకా నవ్వగలిగితే మీరు నాకంటే గట్టివాళ్లని ఒప్పుకుంటాను.

అప్పుడు నేను సౌదీలో, అల్ ఖోబర్ ఊళ్లో, అజీజియా పేటలో ఉండేవాణ్ణి. ఉద్యోగం డాక్యుమెంట్ కంట్రోలర్. పేరు గంభీరంగా ఉంది గానీ, పని ఇంతే: ఇంజనీర్లు గీసిన డ్రాయింగులు సర్దడం, ఒకే నంబరుతో రెండు కనిపిస్తే ఒకటి కొట్టేయడం. రెండూ సైటుకు పోతే గోడ ఒకచోట, తలుపు ఇంకోచోట లేస్తాయి మరి. కొట్టేయడంలో నాకు ఆఫీసంతా మంచి పేరు. ఆ మంచి పేరే నా కొంప ముంచింది.

మా పెద్ద ఇంజనీరు హెన్రీ గారు అరవై దాటిన ఇంగ్లండు మనిషి. ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే కొలువు ముగించుకుని శాశ్వతంగా, సొంత దేశం వెళ్లిపోవడానికి ఇంకో నెల ఉందనగా ఒకరోజు కంప్యూటరుకు ముక్కు ఆనించి కూర్చున్నారు. ఏమిటని అడిగాను.

"మా ఊరి చర్చి రిజిస్టర్లు, పెంటయ్యా. రెండు వందల ఏళ్ల కిందటివి. నా కళ్లకు ఈ రాత ఆనడం లేదు."

విషయం తర్వాత చెప్పారు. ఆయన అక్క మార్గరెట్‌కు జబ్బు ముదిరింది, చలికాలం దాటడం కష్టమని డాక్టర్లు చెప్పేశారు. ఆమెకు ఒకటే కోరిక. వాళ్ల వంశానికి మూలపురుషుడైన థామస్ సమాధి మీద రాయి ఎప్పుడో విరిగిపోయింది. తాను ఉండగానే అక్కడ కొత్త రాయి నిలబెట్టాలి. దాని మీద ఆయన తల్లిదండ్రుల పేర్లూ, పుట్టిన సంవత్సరమూ ఉండాలి. అవేమిటో ఇంట్లో ఎవరికీ తెలియవు.

"అంతేనా సార్? నాకు వదిలేయండి," అన్నాను. మా తాత తండ్రి పేరు నాకు తెలియదు. అయినా అన్నాను.

ఆ రిజిస్టర్లు రాసిన పాస్టరు గారి చేతిరాత చూస్తే జిలేబీలు గుర్తొచ్చాయి. వారం రోజులు రోజూ భోజనాల వేళ ఆ చుట్టలు విప్పుకుంటూ కూర్చున్నాను. శుక్రవారం సెలవునాడూ అదే పని. నా రూమ్మేట్ లింగన్న ఏసీ మెకానిక్, మాది జగిత్యాలైతే ఆయనది ఆర్మూరు. చాయ్ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏమే పెంటయ్యా, తెల్లోని తాతను దేవులాడుతున్నవా? మనోళ్ల తాతలు ఏం పాపం జేసిన్రు?"

"మనోళ్లయి ఎవడు రాసి పెట్టిండన్నా? వీళ్లయి చూడు, పుట్టినోళ్లకు ఒక బుక్కు, పెండ్లిళ్లకు ఒక బుక్కు, సచ్చినోళ్లకు ఒక బుక్కు."

"మరి సచ్చినోళ్ల బుక్కు చూసినవా?"

"ఎందుకన్నా? థామస్ పెండ్లి దొరికింది. ఏడుగురు పిల్లలు దొరికిన్రు. పెండ్లి చేసుకున్నోడు చిన్నప్పుడే సచ్చిపోతడా?"

లింగన్న కాసేపు ఆలోచించి, "అదీ నిజమే," అని చాయ్ తాగాడు. ఆ రోజు ఆ గదిలో తర్కం మా ఇద్దరినీ వదిలి పారిపోయింది, ఎవరం గమనించలేదు.

రెండు రోజుల తర్వాత నా థామస్ పుట్టుక కూడా దొరికింది. గొర్రెల కాపరి విలియం, మేరీల కొడుకు, బాప్తిస్మం ఫలానా ఏడు. నేను ఎగిరి గంతేసేలోపే ఇంకో మూడేళ్ల తర్వాతి పేజీలో మళ్లీ అదే: విలియం, మేరీల కొడుకు థామస్. అదే గొర్రెలు, అదే ఊరు. ఆలూ ఉంది, చూలూ ఉంది, కొడుకు పేరు మాత్రం రెండుసార్లు సోమలింగం!

ఇప్పుడు మీరే చెప్పండి, ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి ఎవరైనా ఒకే పేరు పెడతారా? కేకేస్తే ఎవరు పలకాలి? పాస్టరు గారికి మతిమరుపు, రాసిందే మళ్లీ రాశాడు అని తీర్పు చెప్పేశాను. మా ఆఫీసు రూలు ప్రకారం పాతది కొట్టేసి కొత్తది ఉంచినా బతికిపోయేవాణ్ణి. కానీ పుట్టుక దగ్గర మొదటిదే అసలుదని నా అతితెలివి. పెరుగన్నం ముద్ద నోట్లో ఉండగా రెండో థామస్‌ను కొట్టేశాను. వివరాలన్నీ హెన్రీ గారికి ఇచ్చాను, ఆయన అవి ఇంగ్లండులో రాయి చెక్కే మనిషికి పంపారు.

గురువారం మధ్యాహ్నం మీటింగ్ రూములో హెన్రీ గారికి వీడ్కోలు. పెద్ద పళ్లెంలో ఖబ్సా అనే అరబ్బుల మాంసం పులావు, పక్కన కేకు, గోడ మీది తెరలో వీడియో కాల్ మీద మార్గరెట్ గారు. దిండ్లకు ఆనుకుని, తలకు ఊలు టోపీ పెట్టుకుని కూర్చున్నారు. నేను పటం పైకెత్తి చూపించాను. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. అక్కడితో ఊరుకోవచ్చు కదా! ఊరుకుంటే నేనెందుకవుతాను?

"మేడం, ఈ పనిలో ఒక చిక్కు వచ్చింది," అన్నాను. "రిజిస్టర్‌లో థామస్ రెండుసార్లు ఉన్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరు పెట్టే పిచ్చివాళ్లు ఎక్కడైనా ఉంటారా? డూప్లికేట్ అని వెంటనే పట్టేసి, రెండోవాణ్ణి తీసేశాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హెన్రీ గారు చేతిలో కేకు ముక్కను మెల్లగా బల్ల మీద పెట్టారు.

"బాబూ," అన్నారు మార్గరెట్ గారు, "చనిపోయినవాళ్ల పుస్తకం చూశావా?"

"లేదు మేడం."

"చూడు."

అందరి ముందే తెరిచాను. మొదటి థామస్ బాప్తిస్మానికి రెండు నెలలు తిరగకుండానే ఒక గీత: విలియం, మేరీల కొడుకు థామస్, పసివాడు, పూడ్చడమైనది. అంటే నేను పాలు తాగే పిల్లవాడికి పెళ్లి చేసి, ఏడుగురు పిల్లల్ని కూడా అంటగట్టాను. నిజంగా గొర్రెలు కాసి, ఇల్లు కట్టి, ముసలివాడై, వీళ్లందరికీ పుట్టుక ఇచ్చినవాణ్ణి డూప్లికేట్ అని కొట్టేశాను.

"పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టేవాళ్లు," అన్నారు హెన్రీ గారు. "మా ఇంట్లో ఆ పద్ధతి చాలాకాలం ఉంది. మా అమ్మకు నాకంటే ముందు ఒక హెన్రీ పుట్టాడు. నేను రెండోవాణ్ణి, పెంటయ్యా."

భూమి చీలి నన్ను మింగితే బాగుండనుకున్నాను. మూడో అంతస్తులో భూమి ఎక్కడిది?

"క్షమించండి సార్," అన్నాను. "మా వైపు ఎవరూ అలా పెట్టరు. ఒక బిడ్డ పోతే తర్వాతి బిడ్డను చెత్తకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటావిడ చేత ఎత్తించి, చేటెడు నూకలిచ్చి కొనుక్కుంటారు. ఇది పనికిరానిది అనుకుని చావు వదిలేసి పోతుందని. పేరు కూడా అలాంటిదే పెడతారు. నా పేరుకు అర్థం చెత్తకుప్ప."

తెర మీద మార్గరెట్ గారు ముందుకు వంగారు. "అయితే నీకు ముందు ఒకరు పోయారు."

"అవును మేడం. అన్న."

"పేరేమిటి?"

నాకు తెలియదు. నలభై ఏళ్లు దాటినా ఇంట్లో ఎవరినీ అడగలేదు, ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. ఎవరో తెలియని గొర్రెల కాపరి కోసం అన్ని రోజులు కళ్లు అరగదీసుకున్న నాకు సొంత అన్న పేరు తెలియదు. ఆ మాటే చెప్పాను, తలవంచుకుని.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే తేలిగ్గా ఉండేది. "రాయి చెక్కే అతను రేపు పొద్దున మొదలుపెడతాడు. ఇప్పుడే ఆపమని చెప్పు, హెన్రీ," అని మాత్రం అన్నారు. హెన్రీ గారు ఫోన్ తీసుకుని బయటికి నడిచారు. ఖబ్సా చల్లారిపోయింది, ఎవరూ ముట్టలేదు.

మర్నాడు మెట్‌పల్లిలో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, నాకంటె ముందుగల్ల పుట్టినోని పేరేంది?"

అవతల అక్క టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"రాజేశం," అంది. "తొమ్మిది నెలలు బతికిండు. నిన్ను ఎత్తుకున్నప్పుడల్ల అమ్మ ఆ పేరు పెదవుల్లనే అనుకునేది. నువ్వు ఇయ్యాల అడిగినవ్ రా తమ్మీ."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. నవ్వుల జ్ఞాపకంలో ఏడుపేమిటని మీరు అడగవచ్చు. నిజమే, కానీ జరిగింది అదే.

రెండు నెలల తర్వాత హెన్రీ గారు ఫోటో పంపారు. తడి గడ్డిలో కొత్త రాయి, పక్కన చక్రాల కుర్చీలో మార్గరెట్ గారు, ఒక చెయ్యి రాయి మీద. ఆమె మాట ప్రకారం ఇద్దరినీ చెక్కించారు. పైన థామస్, పసివాడు. కింద థామస్, గొర్రెల కాపరి. ఆ తర్వాత మూడు వారాలకు ఆమె పోయారని ఉత్తరం వచ్చింది.

ఫోటో వచ్చిన రోజు లింగన్న నా భుజం మీదుగా తొంగిచూశాడు. కళ్లు చిట్లించాడు. నాలుక కరుచుకున్నాడు.

"అరెరె, పెంటయ్యా! ఒక్క పేరే రెండుసార్లు చెక్కిన్రు గదనే. ఫోన్ జేసి చెప్పరాదు, ఒకటి కొట్టేయమని!"

"వద్దన్నా," అన్నాను. "ఇద్దరున్నరు."

కనుక డ్రాయింగుల సాక్షిగా, కీబోర్డు మీద కుడిచేయి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. అన్నం తింటూ ఎవరి వంశాన్నీ ముట్టుకోను. చావు పుస్తకం చూడకుండా ఎవరికీ పెళ్లి చేయను. ఒక ఇంట్లో ఒకే పేరు పదిసార్లు కనిపించినా, ఆ పది మందికీ విడివిడిగా దండం పెడతానే తప్ప, ఒక్కరినీ కొట్టేయను.