కుడి కనుబొమ్మ

మా మామయ్య, అంటే మా ఆవిడ నాన్న, పినపాకలో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. మా పెళ్లి ఆల్బమే సాక్ష్యం. అలాంటి మనిషికి నిరుడు ఒక పొద్దున మూతి ఎడమపక్కకు తిరిగిపోయింది. చికిత్స కోసం ఖానాపురం హవేలి అనే ఊళ్లో ఉన్న మా ఇంటికొచ్చి, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గదిలో కూర్చున్నారు. కిటికీ కూడా తెరవనివ్వలేదు.

రోజూ కనుబొమ్మలు ఎగరేయాలి, బుగ్గలు పూరించాలి, మూతి సున్నాలా చుట్టాలి అని దవాఖానాలో ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. చేయకపోతే ముఖం ఇలాగే ఉండిపోవచ్చని కూడా అంది.

"గింతమందికి సదువు చెప్పి, గిప్పుడు కోతి చేష్టలు చెయ్యాల్నా?" అన్నారాయన. మా ఆవిడ వంటింట్లోకి పోయి ఏడ్చింది.

నాకొక పిచ్చి ఉంది. పాత నలుపు తెలుపు సినిమాల్లో కనిపించే ఒక బ్రిటిష్ హాస్యనటుడంటే ప్రాణం. బట్టతల, ఉబ్బు బుగ్గలు, మాటిమాటికీ పైకి లేచే కుడి కనుబొమ్మ. ఒకదాంట్లో బట్లరు, ఇంకోదాంట్లో స్టేషన్ మాస్టరు, మరోదాంట్లో చర్చి ఫాదరు. ఎందులోనూ రెండు నిమిషాలకు మించి ఉండడు. బతుకంతా ఆ కుడి కనుబొమ్మతోనే నెట్టుకొచ్చాడు. ఫోన్లో ఆయన్ని పెట్టి మామయ్య ముందుంచాను.

కాసేపు చూసి, "గీయన హీరో ఎప్పుడైండు?" అని అడిగారు.

"కాలేదు మామయ్యా."

"మరి గిన్నేండ్లు ఏం జేసిండు?"

"తలుపులు తీసిండు. ఆయన తీయకపోతే హీరో వానలో నిలబడాలె."

"అంటే నీ లెక్కనే."

ఇరవై ఏళ్లుగా నేను ఒకే ఆఫీసులో, ఒకే గుమాస్తా సీట్లో ఉన్నాను. మనసు చివుక్కుమంది. అయినా ఫోన్ తీసుకోలేదు.

మర్నాడు తలుపు సందులోంచి చూస్తే, బట్లరుతో పాటు మామయ్య కూడా బుగ్గలు పూరిస్తున్నారు. కోతి చేష్టలు అవమానం గానీ, ఇంగ్లిష్ కోతి చేష్టలు చదువే కాబోలు.

రెండు నెలలకు మూతి దారికొచ్చింది. తువ్వాలు పోయింది. పాత గాంభీర్యమూ తిరిగొచ్చింది. పరామర్శకు తిరుమలాయపాలెం నుంచి బంధువొకాయన వచ్చాడు. టీ ట్రేతో నిలబడ్డ నన్ను చూసి, "మీ అల్లుడు ఇంకా గదే సీట్ల ఉన్నడా?" అని మామయ్యను అడిగాడు.

నేను తల దించుకున్నాను.

మామయ్య బుగ్గలు పూరించారు. కుడి కనుబొమ్మ మెల్లగా, అచ్చం ఆ బట్లరుదిలా పైకి లేచింది.

"అవ్. తలుపు తీసేటోడు లేకుంటే నీ అసుంటోళ్లంతా వానల నిలబడాలె."

బంధువుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను టీ కప్పు ఆయన చేతికిచ్చాను.

అది మెచ్చుకోలో, పొద్దున మరిచిపోయిన కసరత్తో ఇప్పటికీ అడగలేదు. అడగను కూడా.